సిమెంటు సూక్ష్మరంధ్రాల్లో నీటి నడత

సిమెంటు ఆరడం వల్ల గట్టిపడుతుందని చాలామంది నమ్ముతారు. నిజానికి అది నీటితో రసాయనిక చర్య జరపడం వల్ల గట్టిపడుతుంది. నదిలో వంతెన పునాదికి పోసిన కాంక్రీటు నీటి అడుగున, ఏమాత్రం ఆరే వీలు లేకుండానే, రాయిలా బిగుసుకోవడమే ఇందుకు సాక్ష్యం. ఇంతవరకు అనుభవమున్న మేస్త్రీలకు కూడా తెలుసు. ఆ తరువాత నీరు ఏమవుతుందన్నది మాత్రం చర్చకు రావడం తక్కువ. మాలు కలిపేటప్పుడు పోసిన నీటిలో కొంత సిమెంటుతో కలిసి ఘనపదార్థంగా మారిపోతుంది. కొంత ఆ ఘనపదార్థంలోని అతి సన్నని రంధ్రాల గోడలను పట్టుకుని దశాబ్దాల తరబడి అక్కడే ఉండిపోతుంది. మిగిలినది కాస్త పెద్ద రంధ్రాల్లో నిలిచి, బయటి గాలిలోని తేమను బట్టి వస్తూ పోతూ ఉంటుంది. ఇరవై ఏళ్ల కిందట కట్టిన ఇంట్లో, చేతికి పొడిగా తగిలే కాంక్రీటులో కూడా ఈ నీరు ఉంటుంది. కాంక్రీటుకు బలం ఎలా వస్తుంది, పగుళ్లు ఎందుకు పుడతాయి, పెద్ద వంతెనలు ఏళ్ల తరబడి మెల్లగా ఎందుకు కుంగుతాయి, లోపలి ఇనుము ఎందుకు తుప్పు పడుతుంది అన్న ప్రశ్నల్లో దేన్ని పట్టుకుని లోతుకు వెళ్లినా చివరికి ఆ రంధ్రాల్లోని నీటి దగ్గరికే చేరతాం.

ఈ నీటికి మొదటిసారి సరైన లెక్క కట్టినవారు అమెరికాలోని పోర్ట్‌లాండ్ సిమెంట్ అసోసియేషన్ ప్రయోగశాలలో పనిచేసిన టి.సి. పవర్స్, టి.ఎల్. బ్రౌన్‌యార్డ్. వారి పరిశోధన 1946–47లో వరుస వ్యాసాలుగా వెలువడింది. ఆ లెక్కను మనకు అలవాటైన 50 కిలోల బస్తాకు వర్తింపజేసి చూద్దాం. ఒక బస్తా సిమెంటు పూర్తిగా చర్య జరిపితే దాదాపు పదకొండున్నర లీటర్ల నీటిని రసాయనికంగా తనలో కలుపుకుంటుంది. ఆ నీరు ఇక నీటి రూపంలో ఉండదు, మామూలు ఎండకు, గాలికి బయటికి రాదు. ఈ చర్యలో పుట్టే జిగురు వంటి పదార్థంలో సహజంగానే అతి సూక్ష్మమైన రంధ్రాలుంటాయి. వాటిలో మరో తొమ్మిదిన్నర లీటర్లు చిక్కుకుంటుంది. అంటే బస్తాకు మొత్తం 21 లీటర్లు, బరువులో చెప్పుకుంటే సిమెంటులో 42 శాతం. అంతకంటే ఎక్కువ పోసిన ప్రతి లీటరూ సిమెంటుకు అవసరం లేని నీరే. అది తాను ఆక్రమించిన చోటును ఖాళీగా వదిలిపెట్టి ఏదో ఒకనాడు వెళ్లిపోతుంది. ఆ ఖాళీలనే కేశనాళిక రంధ్రాలు అంటారు.

ఇందులో మరో సూక్ష్మం ఉంది. చర్య జరిగిన తరువాత ఏర్పడే పదార్థం ఘనపరిమాణం, చర్యకు ముందున్న సిమెంటు, నీటి మొత్తం ఘనపరిమాణం కంటే కొంచెం తక్కువ. ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త లె షటెలియే 1900లోనే గమనించిన ఈ తరుగు బస్తాకు మూడు లీటర్లకు పైగానే ఉంటుంది. బస్తాకు 25 లీటర్ల నీళ్లు పోసి కలిపితే, సిమెంటంతా చర్య జరిపిన తరువాత కూడా, అదనపు నీరు 4 లీటర్లు, ఈ తరుగు 3 లీటర్లు కలిసి సిమెంటు ముద్దలో ఆరో వంతుకు పైగా కేశనాళిక రంధ్రాలుగా మిగులుతుంది. మాలు జారుగా ఉంటే పోయడం సులువని ఇంకో 5 లీటర్లు పోస్తే ఆ వాటా నాలుగో వంతు దాటుతుంది. పైకి చూస్తే రెండు స్లాబులూ ఒకేలా ఉంటాయి. వాటి లోపలి నిర్మాణంలో మాత్రం ఇంత తేడా వచ్చేస్తుంది, ఆ తేడాను తరువాత ఎవరూ సరిచేయలేరు. నీరు-సిమెంటు నిష్పత్తి పెరిగేకొద్దీ బలం తగ్గుతుందని డఫ్ అబ్రామ్స్ 1918లో ప్రయోగాలతో చూపించాడు. అది ఎందుకు తగ్గుతుందో పవర్స్ లెక్క చెప్పింది. మాలు జారుగా కావాలంటే నీటికి బదులు ప్లాస్టిసైజర్ అనే రసాయనం కలిపే పద్ధతి ఇప్పుడు అందుబాటులో ఉంది. పెద్ద ప్రాజెక్టుల్లో అది మామూలైపోయినా చిన్న ఇళ్ల నిర్మాణంలో ఇప్పటికీ నీళ్ల గొట్టమే చేతికి దగ్గరగా ఉండటం విచారకరం.

ఇక ఆ రంధ్రాల లోపలికి వెళదాం. సిమెంటులో ముఖ్యమైన భాగం కాల్షియం సిలికేట్లు. నీటితో కలిసినప్పుడు వాటి నుంచి కాల్షియం హైడ్రాక్సైడ్ స్ఫటికాలతో పాటు కాల్షియం సిలికేట్ హైడ్రేట్ అనే పదార్థం పుడుతుంది. సిమెంటుకు అతుక్కునే గుణాన్నీ బలాన్నీ ఇచ్చేది ప్రధానంగా ఇదే. దీనికి చక్కటి స్ఫటిక రూపం లేదు. కొన్ని నానోమీటర్ల మందం గల పొరలు, ముద్దలు ఒకదానిపై ఒకటి సరిగా పేర్చనట్టుగా పడి ఉండే జెల్ ఇది. నానోమీటరు అంటే మిల్లీమీటరులో పది లక్షల వంతు. ఒక నీటి అణువు వెడల్పు సుమారు 0.28 నానోమీటర్లు. జెల్ పొరల మధ్య ఉండే సందులు దాదాపు ఒక నానోమీటరు, అంటే మూడు నాలుగు నీటి అణువులు పక్కపక్కన పట్టేంత మాత్రమే. పొరల గుంపుల మధ్య ఉండే జెల్ రంధ్రాలు కొన్ని నానోమీటర్లు. కేశనాళిక రంధ్రాలు పది నానోమీటర్ల దగ్గర మొదలై మైక్రోమీటర్ల దాకా వెళతాయి.

రంధ్రాలు ఇంత చిన్నవైనప్పుడు వాటి గోడల మొత్తం వైశాల్యం ఊహకు అందనంతగా పెరుగుతుంది. బస్తాలోని సిమెంటు పొడి గ్రాముకు సుమారు 0.3 చదరపు మీటర్ల ఉపరితలం ఉంటే, అదే సిమెంటు గట్టిపడిన తరువాత, నీటి ఆవిరిని పీల్చుకునే తీరును బట్టి కొలిచినప్పుడు, గ్రాముకు దాదాపు 200 చదరపు మీటర్లు లెక్క తేలుతుంది. మన కొలతల్లో చెప్పాలంటే చిటికెడు గట్టి సిమెంటు లోపల 240 గజాల ఇంటి స్థలమంత ఉపరితలం దాగి ఉంది. ఆ ఉపరితలమంతా నీటిని ఆకర్షించేదే. అందువల్ల జెల్‌లో ఉన్న నీటి అణువుల్లో ఎక్కువ భాగం ఏదో ఒక గోడను ఆనుకునే ఉంటాయి. గ్లాసులోని నీటిలో అణువులు ఒకదానినొకటి పట్టుకుంటూ వదులుతూ ఎడతెగకుండా కదులుతాయి. ఇక్కడ అవి గోడలోని ఆక్సిజన్, కాల్షియం పరమాణువులకు కట్టుబడి, మామూలు నీటి కంటే ఎన్నో రెట్లు నెమ్మదిగా కదులుతాయి. అణువుల కదలికను కొలిచే న్యూట్రాన్ ప్రయోగాలు ఈ మందగమనాన్ని నేరుగా చూపించాయి. అమెరికా శాస్త్రవేత్తలు ఆలెన్, థామస్, జెన్నింగ్స్ 2007లో న్యూట్రాన్, ఎక్స్-రే కిరణాల చెదరింపుతో ఈ జెల్ కణాల కూర్పును లెక్కించారు. అందులో ఒక్కో సిలికాన్ పరమాణువుకు దాదాపు 1.7 కాల్షియం పరమాణువులు, 1.8 నీటి అణువులు ఉన్నాయని తేలింది. రంధ్రాల్లోని నీటిని తీసేసి, కణాల లోపలి నీటిని మాత్రమే లెక్కించినా వచ్చిన అంకె ఇది. మనం నిలబడి ఉన్న నేలను మోసే పదార్థంలో నీరు ఒక విడదీయరాని భాగమన్నమాట.

ఈ రంధ్రాలను కొలవడం దశాబ్దాల పాటు పెద్ద చిక్కుగా ఉండేది. పాత పద్ధతుల్లో నమూనాను ముందు ఆరబెట్టాలి. 105 డిగ్రీల ఓవెన్‌లో పెట్టి నీటిని తరిమేసి, తరువాత రంధ్రాల్లోకి నైట్రోజన్ వాయువునో, వేల రెట్ల పీడనంతో పాదరసాన్నో ఎక్కించి కొలిచేవారు. కానీ ఆరబెట్టగానే పొరల మధ్య నీరు పోయి, ఆ పొరలు దగ్గరకు జరిగి, కొన్ని అతుక్కుపోతాయి. అంటే దేన్ని కొలవాలనుకున్నామో దానినే ఆరబెట్టడం మార్చేస్తుంది. కెనడా జాతీయ పరిశోధన మండలిలో ఫెల్డ్‌మన్, సెరెడా 1968లో ప్రతిపాదించిన పొరల నమూనాకు ఈ పరిశీలనే ఆధారం. తేమ తగ్గినప్పుడు పొరల మధ్య నుంచి వెళ్లిపోయిన నీరు, తేమ పెరిగినప్పుడు అదే దారిలో తిరిగి రాదని వారు చూపించారు. ఎందుకు రాదన్న దాని మీద ఆ రోజుల్లో గట్టి వాదోపవాదాలే నడిచాయి.

ఈ చిక్కు నుంచి బయటపడే మార్గం వైద్యులు వాడే ఎంఆర్ఐ సూత్రం నుంచే వచ్చింది. నీటి అణువులోని హైడ్రోజన్ కేంద్రకాలను అయస్కాంత క్షేత్రంలో ఉంచి, రేడియో తరంగంతో ఒకసారి కదిపి వదిలితే, అవి తిరిగి పూర్వస్థితికి వచ్చే వేగం అవి ఎంత ఇరుకులో ఉన్నాయన్న దాన్ని బట్టి ఉంటుంది. గోడకు తరచుగా తగిలే నీరు తొందరగా సద్దుమణుగుతుంది, విశాలమైన రంధ్రంలోని నీరు ఆలస్యం చేస్తుంది. పొరల మధ్య నీటి సంకేతం సెకనులో పదివేలవ వంతు కాలంలో ఆరిపోతే, జెల్ రంధ్రాల్లోని నీటిది అంతకు మూడు నాలుగు రెట్లు నిలుస్తుంది, కేశనాళిక నీటిది ఇంకా ఎక్కువసేపు ఉంటుంది. నమూనాను ఆరబెట్టాల్సిన పనిలేదు, పగలగొట్టాల్సిన పనిలేదు. గట్టిపడుతూ ఉండగానే గంటగంటకూ నీరు ఏ గదిలో నుంచి ఏ గదిలోకి మారుతోందో చూడవచ్చు. స్విట్జర్లాండ్‌లోని లొసాన్ సాంకేతిక సంస్థ, ఇంగ్లండ్‌లోని సర్రీ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2013లో ఈ పద్ధతితోనే, హైడ్రేషన్, అంటే సిమెంటు నీటితో జరిపే చర్య, సాగేకొద్దీ జెల్ తన చోటులోనే మరింత చిక్కబడుతుందని చూపించారు. సిమెంటు విజ్ఞానంలో గత ముప్పై ఏళ్లలో వచ్చిన సాధనాల్లో నా దృష్టికి ఇది అన్నిటికంటే విలువైనది, ఎందుకంటే నీటిని వెళ్లగొట్టకుండా నీటిని గురించి తెలుసుకునే వీలు అంతకుముందు చాలా తక్కువగా ఉండేది.

రంధ్రాల్లో నీరు నిలుస్తుందా, పోతుందా అన్నది నిర్ణయించే నియమాన్ని విలియం థామ్సన్, అంటే తరువాతి కాలపు లార్డ్ కెల్విన్, 1871లో ఇచ్చాడు. సన్నని గొట్టంలో నీటి ఉపరితలం తలతన్యత వల్ల లోపలికి వంగి ఉంటుంది. ఆ వంపు ఎంత గాఢంగా ఉంటే నీరు ఆవిరి కావడం అంత కష్టం. గాలిలో తేమ 80 శాతం ఉన్నప్పుడు సుమారు 4.7 నానోమీటర్ల కంటే తక్కువ వ్యాసార్థం గల రంధ్రాల్లోని నీరు బయటికి పోదు. 95 శాతం తేమలో ఈ హద్దు 20 నానోమీటర్లకు పెరుగుతుంది, 50 శాతంలో ఒకటిన్నర నానోమీటర్లకు తగ్గుతుంది. గోడలకు అంటుకునే పలుచని నీటి పొరను కూడా లెక్కలోకి తీసుకుంటే అంకెలు కాస్త మారతాయి కానీ వరుస మారదు. పెద్ద రంధ్రాలు ముందు ఖాళీ అవుతాయి, చిన్నవి చివరిదాకా నీటిని పట్టి ఉంచుతాయి.

క్యూరింగ్, అంటే పోత తరువాత కాంక్రీటును తడిగా ఉంచడం, దాని అసలు రహస్యం ఈ 80 శాతం దగ్గరే ఉంది. రంధ్రాల లోపలి తేమ సుమారు 80 శాతం కంటే తగ్గితే సిమెంటు హైడ్రేషన్ దాదాపుగా ఆగిపోతుందని పవర్స్ 1947లోనే కొలిచి చెప్పాడు. కెల్విన్ లెక్క ప్రకారం ఆ తేమ దగ్గర, వ్యాసం పది నానోమీటర్లకు మించిన రంధ్రాలన్నీ ఖాళీ అయిపోతాయి, అంటే సరిగ్గా కేశనాళిక రంధ్రాలు. ఇది కాకతాళీయం కాదు. సిమెంటు కణం ఒక వంతు కరిగితే దాని స్థానంలో రెండు వంతులకు పైగా జెల్ పుడుతుంది. ఆ అదనపు జెల్ పెరగడానికి చోటు కావాలి, ఆ చోటు నీటితో నిండి ఉండాలి, ఎందుకంటే కరిగిన కాల్షియం, సిలికా నీటిలో ప్రయాణించి అక్కడ పేరుకోవాలి. జెల్ రంధ్రాలు అందుకు మరీ ఇరుకు. కేశనాళిక రంధ్రం ఖాళీ అయిన క్షణం నుంచి అందులో కొత్త జెల్ పుట్టదు. చర్య జరపని సిమెంటు ఇంకా మిగిలే ఉంటుంది, జెల్‌లో నీరు కూడా ఉంటుంది, అయినా పని ఆగిపోతుంది.

కాబట్టి కలిపేటప్పుడు పోసే నీటికీ, పోత తరువాత పోసే నీటికీ పనులు పూర్తిగా వేరు. మొదటిది ఎక్కువైతే రంధ్రాలు పెరుగుతాయి. రెండోది ఆ రంధ్రాలను నింపి ఉంచి, వాటిని జెల్ పూడ్చేవరకు కాపాడుతుంది. మొదటిదానిలో ధారాళంగా ఉండి రెండోదానిలో పొదుపు చేయడం మన నిర్మాణాల్లో తరచుగా కనిపించే దోషం. పై నుంచి పోసిన నీరు స్లాబు లోపలికంతా ఇంకుతుందని అనుకోవడం కూడా సరికాదు. చిక్కని కాంక్రీటులో బయటి నీరు పైపొరలోకే వెళ్లగలదు. తడి పెట్టడం వల్ల ముఖ్యంగా జరిగేది లోపలి నీరు బయటికి పోకుండా ఉండటం. స్లాబు మీద మడులు కట్టి నీళ్లు నిలిపినా, పిల్లర్లకు గోనె పట్టాలు చుట్టి తడిపినా, పాలిథిన్ షీటు కప్పినా సాధించాలనుకునేది అదే. స్లాబుకు మడులు కట్టే శ్రద్ధ పిల్లర్ల విషయంలో కనిపించదు. నిలువుగా ఉండి నాలుగు వైపుల నుంచీ ఆరిపోయే పిల్లరుకు రోజుకు రెండుసార్లు పైపుతో నీళ్లు చల్లి ఊరుకుంటే, చల్లిన గంటకే పైపొర రంధ్రాలు ఖాళీ కావడం మొదలవుతుంది. ఇల్లంతా మోసేది ఆ పిల్లరే.

ఎన్ని రోజులు తడపాలన్నదానికి కూడా రంధ్రాలే జవాబు చెబుతాయి. మొదట్లో కేశనాళిక రంధ్రాలన్నీ ఒకదానితో ఒకటి కలిసి ఉంటాయి. జెల్ పెరిగేకొద్దీ ఆ దారులు మధ్యమధ్య తెగిపోయి, విడివిడి గదులుగా మిగులుతాయి. అక్కడి నుంచి బయటి నీరు, ఉప్పు లోపలికి పోవాలంటే జెల్ గుండానే పోవాలి, అది అత్యంత నెమ్మది. పవర్స్ బృందం 1959లో ఇచ్చిన అంచనాల ప్రకారం నీరు-సిమెంటు నిష్పత్తి 0.40 అయితే ఈ స్థితికి 3 రోజుల తడి చాలు. 0.45 అయితే 7 రోజులు, 0.50 అయితే 14 రోజులు. 0.60కి ఆరు నెలలు, 0.70కి ఏడాది పడుతుంది. 0.70 దాటితే ఎన్నాళ్లు తడిపినా దారులు మూసుకోవు. నేటి సిమెంటు మరింత మెత్తగా ఉండి త్వరగా చర్య జరుపుతుంది కాబట్టి రోజులు తగ్గుతాయి గానీ, ఈ వరుసలో ఉన్న నిటారు మెట్టు అలాగే ఉంటుంది. మన ప్రమాణ గ్రంథం ఐఎస్ 456:2000 సాధారణ పోర్ట్‌లాండ్ సిమెంటుకు కనీసం 7 రోజులు, ఫ్లైయాష్ (థర్మల్ విద్యుత్ కేంద్రాల బొగ్గు బూడిద) వంటివి కలిపిన సిమెంటుకు కనీసం 10 రోజులు, వేడి పొడి వాతావరణంలో ఏ సిమెంటుకైనా 10 రోజులకు తగ్గకుండా తడి ఉంచాలంటుంది. కలిపిన సిమెంటు అయితే 14 రోజులకు పెంచడం మంచిదని కూడా సూచిస్తుంది. ఇళ్లకు ఇప్పుడు ఎక్కువగా వాడుతున్నది ఫ్లైయాష్ కలిసిన పీపీసీ బస్తాలే. ఫ్లైయాష్ నేరుగా నీటితో కాక, సిమెంటు నుంచి పుట్టిన కాల్షియం హైడ్రాక్సైడ్‌తో నెమ్మదిగా చర్య జరుపుతుంది. దానికి రంధ్రాల్లో నీరు మరింత కాలం నిలవాలి. పాత రోజుల సిమెంటు అలవాటుతో ఐదో రోజుకే తడపడం ఆపేస్తే నష్టపోయేది ముఖ్యంగా ఈ సిమెంటే.

రోహిణి కార్తె ఎండలకు రోళ్లు పగులుతాయంటారు. ఆ రోజుల్లో పోసిన స్లాబుకు మొదటి కొన్ని గంటలే గండం. పోసిన వెంటనే బరువైన కణాలు దిగి కొంత నీరు పైకి తేలుతుంది. ఎండ, వడగాలి ఆ నీటిని అది తేలే వేగం కంటే ముందే లాగేస్తే పైపొరలోని కణాల మధ్య నీటి ఉపరితలాలు వంగి, ఇంకా బలం పుంజుకోని ముద్దను దగ్గరకు లాగి నెర్రెలు పుట్టిస్తాయి. చదరపు మీటరుకు గంటకు ఒక కిలో నీరు ఆవిరయ్యే పరిస్థితి ఉంటే జాగ్రత్త తప్పదని ఇంజనీర్లు ఒక హద్దు పెట్టుకున్నారు. సాయంత్రం పోత మొదలుపెట్టడం, పోసిన చోటును పోసినట్టే షీటుతో కప్పడం వంటివి ఇక్కడ ఫలితమిస్తాయి. మర్నాడు ఎన్ని బిందెలు పోసినా ఆ నెర్రెలు కలవవు.

గట్టిపడిన తరువాత జరిగే ఎండుదల వేరు, దాని బలం కూడా వేరు. తేమ 80 శాతానికి తగ్గినప్పుడు రంధ్రాల్లో మిగిలిన నీరు లోపలి నుంచి గోడలను లాగే శక్తి దాదాపు 30 మెగాపాస్కల్‌లు, అంటే వాతావరణ పీడనానికి సుమారు 300 రెట్లు. ఎం20 కాంక్రీటు నలిగిపోయే హద్దే 20 మెగాపాస్కల్‌లు, లాగితే తెగే హద్దు దానిలో పదో వంతు. అంత లాగుడు ఉన్నా కాంక్రీటు వెంటనే చిట్లిపోకపోవడానికి కారణం, అది అతి చిన్న రంధ్రాల్లో, అన్ని వైపులా చెల్లాచెదురుగా పనిచేయడం. దాని ఫలితంగా మొత్తం పదార్థం కుదించుకుపోతుంది. కాంక్రీటులో ఈ కుదింపు సాధారణంగా లక్షకు 40 నుంచి 80 భాగాలు. పది మీటర్ల పొడవుకు నాలుగు నుంచి ఎనిమిది మిల్లీమీటర్లు. స్వేచ్ఛగా కుదించుకునే వీలుంటే ఇబ్బంది లేదు, కానీ స్లాబును పిల్లర్లు, బీములు, గోడలు పట్టి ఉంచుతాయి, అప్పుడు పగులు తప్పదు. తేమ 45 శాతం కంటే తగ్గితే నీటి వంపులు నిలవలేవు. అక్కడ గోడలకు అంటుకున్న నీటి పొర పలుచబడటం, పొరల మధ్య నీరు పోవడం కుదింపును నడిపిస్తాయి. ఈ కారణాల్లో దేని వాటా ఎంతన్నది నిపుణుల మధ్య ఇంకా తేలలేదు. మొదటిసారి ఎండినప్పుడు వచ్చిన కుదింపులో కొంత, తిరిగి పూర్తిగా తడిపినా వెనక్కి రాదన్నది మాత్రం స్థిరపడిన విషయం.

నీరు తక్కువ పోసి చేసే అధిక బలపు కాంక్రీటుకు ఇంకో ఇబ్బంది. అందులో సిమెంటు తనకున్న నీటినంతా తానే తాగేసి, బయటికి ఒక్క చుక్క పోకపోయినా లోపలి తేమను 75–80 శాతానికి దించుకుంటుంది. బయటి నీరు లోపలికి చేరలేనంత చిక్కగా ఉంటుంది కాబట్టి, ముందే నీటిని పీల్చి ఉంచిన తేలికపాటి కంకరనో, నీటిని మింగి ఉబ్బే పాలిమర్ కణాలనో కలిపి లోపలి నుంచే తడి అందించే పద్ధతి ఇప్పుడు వాడుకలోకి వచ్చింది.

బరువు కింద కాంక్రీటు ఏళ్ల తరబడి మెల్లగా వంగడం, దాన్నే క్రీప్ అంటారు, కూడా ఈ నీటి పనే. ఆవిరయ్యే నీటినంతా తీసేసిన కాంక్రీటులో క్రీప్ దాదాపు కనిపించదు. పసిఫిక్ దీవి దేశమైన పలావులో 1977లో కట్టిన కొరొర్–బాబెల్‌డావొబ్ వంతెన మధ్యభాగపు పొడవు 241 మీటర్లు, అప్పట్లో ఆ తరహా వంతెనల్లో ప్రపంచ రికార్డు. దాని నడిమి భాగం ఏళ్లు గడిచేకొద్దీ అంచనాలను మించి మీటరుకు పైగా కుంగింది. సరిదిద్దే పనులు పూర్తయిన కొద్ది నెలలకే, 1996 సెప్టెంబరు 26న, అది కూలిపోయింది. కూలడానికి తక్షణ కారణం మీద అభిప్రాయభేదాలున్నా, అంతటి కుంగుబాటుకు క్రీప్‌ను తక్కువ అంచనా వేయడమే మూలమని నార్త్‌వెస్టర్న్ విశ్వవిద్యాలయపు బజాంట్ బృందం విశ్లేషించి, అదే విధంగా కుంగుతున్న మరెన్నో వంతెనల వివరాలను పోగుచేసింది. నానోమీటరు సందుల్లో నీటి అణువుల వల్ల జెల్ పొరలు ఒకదానిపై ఒకటి జారడం, ఇరవై ఏళ్లకు కంటికి కనిపించే వంపుగా తేలుతుంది.

రంధ్రాల్లోని నీరు స్వచ్ఛమైనది కాదు. అందులో సోడియం, పొటాషియం, కాల్షియం హైడ్రాక్సైడ్‌లు కరిగి ఉంటాయి కాబట్టి దాని పీహెచ్ 12.5 నుంచి 13.5 దాకా ఉంటుంది. అంత క్షారంలో ఇనుప చువ్వల మీద ఒక పలుచని రక్షణ పొర ఏర్పడి తుప్పును అడ్డుకుంటుంది. ఇనుము కాంక్రీటులో దశాబ్దాలు నిలవడం ఈ నీటి చలవే. గాలిలోని కార్బన్ డయాక్సైడ్ లోపలికి వచ్చి ఈ క్షారాన్ని తటస్థం చేస్తుంది, కానీ అది నీటిలో గాలిలో కంటే పదివేల రెట్లు నెమ్మదిగా వ్యాపిస్తుంది. రంధ్రాలు నీటితో నిండి ఉంటే అది లోపలికి రాలేదు, పూర్తిగా ఎండి ఉంటే కరగడానికి నీరే లేదు. అందువల్ల 50 నుంచి 70 శాతం తేమలో ఈ చర్య అన్నిటికంటే వేగంగా సాగుతుంది. విశాఖపట్నం వంటి సముద్రతీరంలో ఉప్పు కూడా తోడవుతుంది. తడిసి ఆరే ప్రతిసారీ రంధ్రాలు ఉప్పునీటిని పీల్చి, నీటిని వదిలి, ఉప్పును ఉంచుకుంటాయి. అది ఇనుమును చేరాక రక్షణ పొరను చిల్లులు పొడుస్తుంది. తుప్పు ఇనుము కంటే ఎక్కువ చోటు తీసుకుంటుంది కాబట్టి స్లాబు కింది వైపు ఉబ్బి పెచ్చులూడుతుంది. పాత ఇళ్లలో బాత్‌రూము కింది స్లాబు, వాన తగిలే సన్‌షేడ్ ముందుగా పెచ్చులూడటానికి కారణం అక్కడ రంధ్రాలు పూర్తిగా నిండకుండా, పూర్తిగా ఎండకుండా ఉండటమే. తీరప్రాంతపు వాతావరణాన్ని ఐఎస్ 456 తీవ్రమైనదిగా గుర్తించి, ఇనుము వేసిన కాంక్రీటుకు కనీసం ఎం30 గ్రేడు, నీరు-సిమెంటు నిష్పత్తి 0.45కి మించకూడదని నిర్దేశించింది.

మనకు అనుభవంలో లేని గడ్డకట్టే చలిలో ఈ నీరు ఇంకో రూపం చూపిస్తుంది. పెద్ద రంధ్రాల్లోని నీరు మంచుగా మారి 9 శాతం ఉబ్బుతుంది, కానీ జెల్ రంధ్రాల్లోని నీరు మైనస్ 40 డిగ్రీల దాకా కూడా దాదాపు గడ్డకట్టదు. చలిదేశాల్లో కాంక్రీటులో కావాలని చిన్న గాలి బుడగలు కలిపేది ఆ ఉబ్బుకు చోటివ్వడానికే. మంటల్లోనైతే నీరు ఆవిరై బయటికి దారి దొరకక, చిక్కని కాంక్రీటును పెళ్లలుగా చిమ్ముతుంది. 1996 నవంబరు 18న ఇంగ్లీష్ చానల్ సొరంగంలో జరిగిన అగ్నిప్రమాదంలో సొరంగపు కాంక్రీటు వరుసలు ఇలా తీవ్రంగా దెబ్బతిన్నాయి. ఇప్పుడు సొరంగాల కాంక్రీటులో 165 డిగ్రీల దగ్గర కరిగి ఆవిరికి దారి వదిలే పాలీప్రొపిలీన్ పోగులు కలుపుతున్నారు.

సూక్ష్మరంధ్రాల ప్రశ్న ఇప్పుడు కొత్త సిమెంట్లతో మళ్లీ ముందుకు వచ్చింది. పల్నాడులోనో సూర్యాపేటలోనో తవ్విన సున్నపురాయిని కాల్చినప్పుడు ఆ రాయిలోని కార్బన్ డయాక్సైడే బయటికి వస్తుంది. ప్రపంచపు కార్బన్ డయాక్సైడ్ ఉద్గారాల్లో సిమెంటు వాటా 7–8 శాతంగా లెక్కిస్తున్నారు. సున్నపురాయిని కాల్చి చేసే క్లింకర్‌ను సగానికి తగ్గించి, కాల్చిన బంకమట్టి, కాల్చని సున్నపురాయి పొడి కలిపే ఎల్‌సీ3 సిమెంటును లొసాన్ సంస్థతో కలిసి మన ఐఐటీలు అభివృద్ధి చేశాయి. ఈ తరహా సిమెంటుకు భారతీయ ప్రమాణాల సంస్థ 2023లో ప్రమాణం ఇచ్చింది. దాని రంధ్రాలు మొదటి వారంలోనే చాలా సన్నగా అయిపోతాయి. అందువల్ల ఉప్పు చొరబడటం బాగా తగ్గుతుంది, ఇది తీరప్రాంతానికి మంచి వార్త. అదే కారణంగా నీటితో నిండిన చోటు తొందరగా అయిపోయి, తరువాతి హైడ్రేషన్ మందగిస్తుంది. కాల్షియం హైడ్రాక్సైడ్ నిల్వ తక్కువ కావడం వల్ల కార్బన్ డయాక్సైడ్ దాడికి మామూలు సిమెంటు కంటే త్వరగా లోబడుతుంది. కాబట్టి పొడి ప్రాంతాల్లో ఈ సిమెంటు వాడేవారు ఇనుము మీది కాంక్రీటు కవరు మందాన్నీ, మొదటి రెండు వారాల తడినీ మామూలు సిమెంటు కంటే గట్టిగా పట్టించుకోవాల్సి ఉంటుంది.